టౌన్‌హాలులో నాటకానికి చోటు లేకుండా చేయకండి: మన ఊరి పురపాలక సంఘానికి ఒక బహిరంగ లేఖ

పురపాలక సంఘం పాలకవర్గానికి, కమిషనర్ గారికి, రాష్ట్ర సాంస్కృతిక శాఖ అధికారులకు, మన ఊరి జనానికి నమస్కారం.

టౌన్‌హాలుకి కొత్త పైకప్పు వేయించారు, వానొస్తే జనం కుర్చీలు ఎత్తుకుని పక్కకు జరిగే బాధ తప్పింది. అందుకు థాంక్స్, ఇది మొక్కుబడికి అంటున్నది కాదు. ఇక అసలు విషయానికొస్తాను. నాటకాలకు ఈ హాలు అద్దె తగ్గించమని మా నాటక సమాజం ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. కలిసి మాట్లాడితే "చూద్దాం" అన్నారు తప్ప చూసిందీ లేదు. అంచేత ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

రిపేర్లకని మూసిన హాలు తెరిచేసరికి ఫంక్షన్ హాలైంది. పెళ్ళికైనా, పార్టీ మీటింగుకైనా, చీరల ఎగ్జిబిషన్‌కైనా, నాటకానికైనా ఒకటే అద్దె. మునుపు కొన్ని వందలు కట్టి రాత్రంతా ఆడుకున్న హాలుకి ఇప్పుడు వేలకు వేలు, కరెంటు విడిగా, క్లీనింగ్ విడిగా, డిపాజిట్ విడిగా. నాటకాలకు కాస్త తగ్గించండి సార్ అని వెళ్తే ఆఫీసులో మమ్మల్ని అడిగిందేమిటంటే, మీరు నిజంగా నాటకాలు వేసేవాళ్ళేనని రుజువేంటి, ఇప్పటిదాకా ఏమేం ఆడారు, చరిత్ర రాసి ఆధారాలతో పెట్టండి అని. న్యాయమైన ప్రశ్నే, ప్రభుత్వ రాయితీ ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకూడదు కదా. ఫైలు కట్టి ఇచ్చాం. పాత కరపత్రాలు, ఫొటోలు, పేపర్ కటింగులు, పోలీస్ పర్మిషన్ కాగితాలు, మీ ఆఫీసువాళ్ళే చింపి ఇచ్చిన అద్దె రసీదులు, అన్నీ. కొన్ని నెలలయ్యాక ఆ ఫైలు కనపడటం లేదు, ఇంకోటి పెట్టుకోండి అన్నారు. జిరాక్సులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అయితే ఈసారి ఫైలు మీ టేబుల్ మీద కాకుండా ఊరి ముందు పెడుతున్నాం. చదవండి.

మాది పెద్ద సంస్థేమీ కాదు. ఎప్పుడూ పాతికమందికి మించి లేం. మొదలుపెట్టినవాళ్ళలో ఇద్దరు బడిపంతుళ్ళు, ఒక టైలరు, రైల్వేలో ఒక గ్యాంగ్‌మన్, రైస్‌మిల్లులో గుమాస్తా. ఇటు తెనాలి, అటు బాపట్ల ఉన్న ప్రాంతం మనది. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది తెనాలిలో. ఆడవేషాలకు మారుపేరైపోయి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారిది బాపట్ల. ఆ గాలి తగలకుండా ఈ చుట్టుపక్కల ఎవరూ పెరగలేదు. శ్రీరామనవమి పందిట్లో పానకం తాగి, రాత్రికి రాయబారం చూసి, తెల్లారి ఆ పద్యాలు పాడుకుంటూ పొలం వెళ్ళిన మనుషులే మా సమాజం పెట్టారు. అంచేత మొదట్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలే, అందులోనూ పడక సీను, రాయబారం. పూర్తి నాటకానికి డబ్బుల్లేవు, సీన్లయితే తెర ఒకటి, కిరీటాలు నాలుగు అద్దెకు తెచ్చుకుంటే గడిచిపోయేది. పెట్రోమాక్స్ లైట్లు, చికాగో రేడియో మైకు, హార్మోనియం ముందు శ్రుతి పెట్టెతో ఒక కుర్రాడు. ద్రౌపది వేషం టైలరుగారిదే, చీర కుట్టు ఎక్కడ ఊడుతుందో ఆయనకే తెలుసు గనక.

తర్వాత హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం. ఈ నాటకం గురించి ఒకటి చెప్పి తీరాలి, ఎందుకంటే మన జిల్లాల జనానికి ఇది గర్వం. కాటిసీనులో నటులు పాడే పద్యాల్లో జనం ప్రాణం పెట్టి వినేవి గుర్రం జాషువా గారివి. అవి అసలు నాటకంలోవి కావు, ఆయన శ్మశానం మీద రాసుకున్న ఖండిక. నటులు తీసుకొచ్చి సీనులో కలుపుకున్నారు. జనం వన్స్ మోర్ కొట్టారు, ఇక విడదీయలేకపోయారు. వినుకొండలో పుట్టి అంటరానితనం అనుభవించిన కవి మాట, ఆయన్ని గుళ్ళోకి రానివ్వని ఊళ్ళలోనే గుడి ముందు పందిళ్ళలో అర్ధరాత్రి మోగింది. దీన్ని ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి చేయలేదు. మా హరిశ్చంద్రుడు ఆ పద్యం అందుకునేముందు హార్మోనియం ఆయన ఒక్క క్షణం ఆపేవాడు, హాలులో పల్లీలు నమలడం కూడా ఆగిపోయేది. ఇది మీలో యాభై దాటినవాళ్ళు చూసే ఉంటారు, చూడలేదనకండి.

ఆత్రేయ గారి ఎన్జీఓ (నాన్ గెజిటెడ్ ఆఫీసర్, అంటే చిన్న ప్రభుత్వోద్యోగి) నాటకం ఆడినప్పటి కరపత్రం ఫైలులో మొదటి కాగితంగా పెట్టాం, కావాలనే. చాలీచాలని జీతంతో, ఇంటినిండా మనుషులతో నలిగిపోయే గుమాస్తా కథ. అందులో వేషాలు వేసినవాళ్ళలో ముగ్గురు మీ మున్సిపల్ ఆఫీసు గుమాస్తాలే, అదే బిల్డింగ్‌లో, అదే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు. పగలు పన్ను రసీదులు రాసి, సాయంత్రం టౌన్‌హాలు వెనక గదిలో రిహార్సల్. అప్పటి అధికారి ఒకాయన ముందు వరసలో కూర్చుని చూసి, తర్వాత రోజు వాళ్ళని పిలిచి టీ ఇప్పించాడని మా పెద్దలు చెప్పేవారు. రుజువు అడిగారు కాబట్టి చెప్తున్నా, మా చరిత్రలో సగం మీ ఆఫీసు చరిత్రే.

అన్నిటికంటే ఎక్కువసార్లు ఆడింది మాత్రం కాళ్ళకూరి నారాయణరావు గారి వరవిక్రయం. ఇది చూడని ఆడకూతురు అప్పట్లో మన ఊళ్ళో లేదంటే అతిశయోక్తి కాదు. కట్నం కోసం తండ్రి పడే యాతన చూడలేక పెద్దపిల్ల ప్రాణం తీసుకుంటుంది. చిన్నపిల్ల పెళ్ళి చేసుకుని, కాపురానికి మాత్రం వెళ్ళనంటుంది, డబ్బిచ్చి కొన్నాం గనక మొగుడే మా ఇంటికి రావాలని వాదిస్తుంది. కోర్టు సీనులో ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చే చప్పట్లు వేరేగా ఉంటాయి, మగవాళ్ళు కొంచెం ఆలస్యంగా అందుకుంటారు, కొంతమంది అసలు అందుకోరు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. ఈ నాటకం దానికి చాలా ఏళ్ళ ముందే ఊరూరా ఆడింది, 1939లో సినిమాగానూ వచ్చింది, భానుమతి గారు మొదటిసారి తెరమీద కనిపించింది అందులోనే. చట్టం వచ్చాక కూడా ఎందుకు ఆడుతున్నారని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో మీకూ తెలుసు, మన ఊళ్ళో పెళ్ళిళ్ళు మీరూ చూస్తున్నారు, ఆ పెళ్ళిళ్ళు ఇప్పుడు ఆ నాటకం ఆడిన స్టేజి మీదే జరుగుతున్నాయి కూడా.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. ఆ తర్వాత మా సమాజం వరసగా హరిశ్చంద్ర ఆడి, టికెట్ల డబ్బులు, స్టేజి ముందు పరిచిన దుప్పట్లో జనం వేసిన డబ్బులు పట్టుకెళ్ళి బియ్యం, బట్టలు కొని పంపింది. ఆ రోజుల్లో హాలు అద్దె మున్సిపాలిటీ తీసుకోలేదు. దాని రసీదు ఉండదు కదా, తీసుకోనిదానికి రసీదు ఎవరిస్తారు. ఆ ఒక్కటి ఫైలులో పెట్టలేకపోయాం.

తర్వాత పరిషత్తుల కాలం. పొన్నూరు, చిలకలూరిపేట, తాడేపల్లిగూడెం, ఎక్కడ నాటిక పోటీలున్నా లారీ వెనక సెట్టింగు వేసుకుని వెళ్ళేవాళ్ళం. పద్యం తగ్గింది, గంట నాటిక వచ్చింది. ఎన్.ఆర్.నంది గారి మరో మొహెంజొదారో లాంటివి చూసి మా కుర్రాళ్ళకు పిచ్చెక్కింది, తెరలు లేకుండా, కిరీటాలు లేకుండా కూడా నాటకం ఆడొచ్చని అప్పుడు తెలిసింది. భమిడిపాటి రాధాకృష్ణ గారి కీర్తిశేషులు రెండుసార్లు ఆడాం, ఒకసారి బాగా వచ్చింది, ఒకసారి రాలేదు. దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం పగటి రిహార్సల్స్ పోయాయి, కేబుల్ వచ్చాక రాత్రివీ పోయాయి. కొన్నేళ్ళు ఏడాదికి ఒక్క నాటకం వేయడమే గగనమైంది. అయినా మానలేదు. 1998లో నంది నాటకోత్సవాలు మొదలైనప్పుడు మా పెద్దాయనొకరు, ప్రభుత్వమే నాటకానికి బహుమతులిస్తోందంటే ఇక మనకు ఢోకా లేదు అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆ ఉత్సవాలు కూడా మధ్యలో ఏళ్ళ తరబడి ఆగి, 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. మేమూ వెళ్ళి చూశాం. హాలు నిండింది, అది మాత్రం కళ్ళారా చూసిన మాట, నాటకానికి జనం రారు అనేవాళ్ళ కోసం చెప్తున్నాను.

ఇదీ చరిత్ర. ఇంకా చాలా ఉంది గానీ ఇది చాలు.

ఇప్పుడు ఒక సంగతి ఆలోచించండి. నాటకమంటే ప్రభుత్వాలు భయపడ్డ రోజులున్నాయి. బ్రిటిష్ వాళ్ళు 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చారు, రాజద్రోహమనో అసభ్యమనో తోస్తే ఆపేయొచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ చట్టం పోలేదు. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడిన 'మా భూమి' నాటకాన్ని అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ పాత చట్టాన్ని కేంద్రం 2018లో గానీ రద్దు చేయలేదు. మొన్నటికి మొన్న, 2022 జనవరిలో చింతామణి నాటకాన్ని మన రాష్ట్రంలో నిషేధించారు. దాని మీద మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి. కాళ్ళకూరి వారు రాసింది వేరు, స్టేజి మీద కొందరు చేర్చిన బూతు వేరు, ఒక కులంవాళ్ళని ఎగతాళి చేస్తుంటే వాళ్ళకు నొప్పి కలగడం సహజం అని కొందరం, చెడగొట్టినవాణ్ణి ఆపాలి గానీ నాటకాన్నే ఆపితే ఎలా అని కొందరం. ఆ గొడవ అలా ఉంచండి. నిషేధిస్తే కనీసం పేపర్లో వస్తుంది, మాట్లాడటానికి ఒక కాగితం ఉంటుంది, కోర్టుకి వెళ్ళొచ్చు. మన ఊళ్ళో నాటకాన్ని ఎవరూ నిషేధించలేదు. అద్దె పెంచారు, అంతే. జీవో లేకుండా, గొడవ లేకుండా వరవిక్రయం, హరిశ్చంద్ర, ఎన్జీఓ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కావాలని చేశారని మేము అనడం లేదు. ఎవరూ ఆలోచించకపోవడం వల్ల జరిగింది, అందుకే ఆలోచించండని రాస్తున్నాం.

దీనివల్ల నష్టపోతున్నది మేమొక్కళ్ళమే అయితే ఇంత రాయక్కర్లేదు. ఎవరెవరికి ఏమవుతోందో చెప్తాను.

1. ఆడ ఆర్టిస్టులు. చిన్న ఊళ్ళ సమాజాల్లో ఆడవేషాలకు బయటినుంచి పిలుస్తాం. ఆటకింత అని మాట్లాడుకుని, వేషం పెట్టె పట్టుకుని, బస్సుల్లో వస్తారు. చంద్రమతి వేసి, తెల్లవారుజామున బస్టాండులో కూర్చుని, మళ్ళీ సాయంత్రానికి ఇంకో ఊళ్ళో వేషం వేసేవాళ్ళు. ఆట ఉంటేనే వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతుంది. వాళ్ళకి పీఎఫ్ లేదు, సెలవు జీతం లేదు. మన హాలు ఒక్కటి మూతపడితే ఏమవుతుందిలే అనుకోవచ్చు, కానీ ప్రతి ఊళ్ళోనూ ఇదే వరస. పైగా హాలు దొరికినా, కొత్త ప్లానులో గ్రీన్‌రూములు తీసేశారు. ఆడవాళ్ళ గ్రీన్‌రూము, దాని వెనక ఉన్న బాత్రూము ఇప్పుడు స్టోర్‌రూము. మేము వెళ్ళి చూశాం, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, విరిగిన ట్యూబులైట్లు, పాత బ్యానర్లు, వాటి వెనక గోడకి మా మేకప్ అద్దం ఇంకా అలాగే ఉంది. ఆఖరిసారి అద్దె కట్టి ఆడిన రోజున వరవిక్రయంలో పెద్దపిల్ల కాళింది వేసిన అమ్మాయి, వంటలు చేసే షెడ్డులో టార్పాలిన్ కట్టుకుని చీర మార్చుకుంది. బాత్రూముకి రోడ్డవతల పెట్రోలు బంకుకి వెళ్ళొచ్చింది, మేకప్‌తోటే. ఇది మన ఊరికి మర్యాదేనా చెప్పండి.

2. మేకప్ ఆయన, హార్మోనియం ఆయన, తబలా, లైటింగ్, తెరలు కట్టేవాళ్ళు. వీళ్ళెవరూ నటుల లెక్కలోకి రారు, ఏ సన్మానంలోనూ ఉండరు. మా మేకప్ ఆయన మీసం అతికించాక ఎంత చెమట పోసినా ఊడదు, ఆ పని ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, కొడుకు నేర్చుకోనన్నాడు. ఇప్పుడు ఆయన బ్యూటీపార్లర్ సామాన్లు స్కూటర్ మీద తిప్పి అమ్ముతున్నాడు.

3. స్టేజి. ఇది సాంకేతికం, కొంచెం ఓపిగ్గా వినండి. పాత స్టేజి లోతుగా ఉండేది. పద్యనాటకానికి ఒకదాని వెనక ఒకటి తెరలుండాలి, ముందు తెర, వీధి తెర, దర్బారు తెర, అడవి తెర. ఒక సీను వీధి తెర ముందు నడుస్తుంటే వెనక దర్బారు సర్దుకుంటారు. అలా అయితేనే ఆట ఆగకుండా నడుస్తుంది. మీరు వెనకభాగం కోసేసి ఎల్ఈడీ స్క్రీన్ పెట్టారు, పెళ్ళికొడుకు ఫొటోలకు. పైన కప్పీలు, తాళ్ళు, కర్ర రోలర్లు పీకి పాత ఇనుముతో కలిపి వేశారు. చెక్క స్టేజి తీసి గ్రానైట్ పరిచారు, కాలు జారుతుంది, అడుగు చప్పుడు పలకదు. గోడలకు టైల్స్ అంటించేసరికి పద్యం ఎత్తుకుంటే గోడ తిరిగి పాడుతోంది, నాలుగో వరసలో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క తెలియదు. రాగం తెగ్గొట్టి పాడమంటారా? ఇంజనీర్లను తప్పుపట్టడం లేదు. ప్లాను గీసేముందు ఒక్కసారి మమ్మల్ని పిలిచి అడిగితే పైసా ఖర్చు లేకుండా చెప్పేవాళ్ళం.

4. పిల్లలు. ప్రతి ఎండాకాలం సెలవుల్లో వెనక గదిలో పిల్లలకు నాటిక నేర్పేవాళ్ళం, ఫీజు లేదు. నత్తి ఉన్న పిల్లాడొకడు మూడు ఎండాకాలాలయ్యాక స్టేజి మీద నిలబడి పేజీన్నర డైలాగు చెప్పాడు, వాళ్ళమ్మ మిక్చర్ పొట్లం అలాగే చేతిలో పట్టుకుని ఉండిపోయింది. ఇప్పుడా గది లేదు. పిల్లలకు ఫోనుల పిచ్చి పట్టిందని మీరే మీటింగుల్లో అంటున్నారు.

5. ముసలివాళ్ళు. టికెట్ లేకుండా, ఏసీ లేకుండా, ఎవరూ మీరెవరని అడగకుండా వచ్చి కూర్చోగలిగిన చోటు ఊళ్ళో అదొక్కటే ఉండేది. గుడి ఉంది కదా అంటారేమో. గుడి తొమ్మిదింటికి మూసేస్తారు.

6. హాలు బయట టీ, బజ్జీ బండ్లవాళ్ళు. పెళ్ళికి వచ్చినవాడు బయట బజ్జీ కొనడు. ఇంతే.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం, మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి. హాలు మీద పెట్టిన ఖర్చు రావాలి, మెయింటెనెన్స్ ఉంది, నిజమే. పెళ్ళిళ్ళు ముహూర్తాల్లోనే జరుగుతాయి. ఆషాఢంలో, శూన్యమాసంలో, మూఢం ఉన్నప్పుడు మన ఊళ్ళో ఏ ఫంక్షన్ హాలు తలుపూ తీయరు, మీ హాలు కూడా అంతే, తాళమే. ఖాళీగా ఉన్న రోజుల్లో పాత అద్దెకిస్తే మీకు పోయేదేమిటో మాకు అర్థం కాలేదు. ఏ నెలలో ఎన్ని రోజులు హాలు ఖాళీగా ఉందో సమాచార హక్కు చట్టం కింద అడిగాం. 30 రోజుల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది, ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ లెక్క ఇక్కడే రాసేవాణ్ణి.

ఇంకో మాట. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ పనుల జాబితా ఉంది. నీళ్ళు, రోడ్లు, శ్మశానాలు, అన్నీ ఉన్నాయి. అందులో 13వది సాంస్కృతిక, విద్యా, కళాభిరుచుల అభివృద్ధి. కాటిసీను ఆడేవాళ్ళం కదా, శ్మశానాల పద్దు కోసం వెతుకుతుంటే ఇది కనపడింది. కేంద్రం సైతం 500 రూపాయల లోపు నాటకం టికెట్టుకి జీఎస్టీ వేయలేదు. టికెట్టు అమ్ముకోవడానికి మాకు చోటే లేకపోతే ఆ మినహాయింపు ఎవరికోసం?

మేము అడిగేవి ఇవీ:

1. నెలకు రెండు రోజులు, ముహూర్తాలు లేని రోజులే ఇవ్వండి, నాటకాలకు పాత అద్దెకు హాలు ఇస్తామని కౌన్సిల్‌లో తీర్మానం చేయండి. మా ఒక్క సమాజానికే కాదు, కాలేజీ పిల్లలకు, బయటి ఊళ్ళ సమాజాలకు, సురభి వాళ్ళు వచ్చినా వాళ్ళకీ. ఇది నోటిమాటగా వద్దు. అధికారి మారితే నోటిమాట ఆయనతోపాటే బదిలీ అయిపోతుంది.

2. రెండు గ్రీన్‌రూములు, వాటి బాత్రూములు ఖాళీ చేయించండి. బస్తాలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఇది వారంలో అయ్యే పని, దీనికి టెండరు అక్కర్లేదు. మిగతావన్నీ ఆలస్యమైనా సరే, ఇది ముందు చేయండి.

3. స్టేజి లోతు మళ్ళీ పెంచడం కుదరకపోతే, ఆ స్క్రీన్‌ని పక్కకు జరిపేలా చేసి, పైన కప్పీలు, రోలర్లు మళ్ళీ బిగించనివ్వండి. కప్పీల ఖర్చు చందాలేసుకుని మేము పెట్టుకుంటాం. మీరు పర్మిషన్ ఇస్తే చాలు.

4. పోయిన ఫైలు వెతికించండి. అందులో కొన్ని ఫొటోలు ఒరిజినల్స్, వాటి జిరాక్సులో మనుషుల మొహాలు నల్లగా వచ్చాయి. చనిపోయిన ఆర్టిస్టుల పిల్లలు వాటికోసం మమ్మల్ని అడుగుతున్నారు, మేం మీ ఆఫీసు వైపు చెయ్యి చూపించాల్సి వస్తోంది.

5. సాంస్కృతిక శాఖ వారికి ఒక విన్నపం, ఇది ఫిర్యాదు కాదు. చిన్న ఊళ్ళ సమాజాల దగ్గర కరపత్రాలు, చేత్తో రాసుకున్న ప్రాంప్టింగ్ నోట్‌బుక్కులు, హార్మోనియం స్వరాలు రాసిన కాగితాలు, రంగులు వేసిన తెరలు ఉన్నాయి. మా దగ్గరున్న దర్బారు తెర ఒక సభ్యుడి అటక మీద ఉంది, ఒక మూల ఎలుకలు కొట్టేశాయి. జిల్లాకొక మనిషిని పంపి ఇవన్నీ స్కాన్ చేయించండి. కన్యాశుల్కం మొదటిసారి 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ఆడారని ఈరోజు చెప్పుకోగలుగుతున్నామంటే అప్పుడెవరో రాసిపెట్టుకున్నారు కాబట్టే. మన ఊరి టౌన్‌హాలులో ఎవరు ఏం ఆడారో అడిగితే చూపించడానికి మీ దగ్గరా మా దగ్గరా ఒక్కచోటన్నా ఉండాలి కదా.

ఊళ్ళో వాళ్ళకు కూడా ఒక పని చెప్తున్నా. మీ ఇళ్ళల్లో మన టౌన్‌హాలు నాటకాల ఫొటో ఒక్కటున్నా, పాత టికెట్ ముక్క ఉన్నా, మీ తాతగారు కిరీటం పెట్టుకున్న ఫొటో ఉన్నా ఫోనులో తీసి మాకు పంపండి. మీ కౌన్సిలర్ కనపడినప్పుడు రోడ్డు సంగతి అడిగాక, హాలు సంగతి కూడా ఒక్కమాట అడగండి. కౌన్సిలర్లలో ఇద్దరు చిన్నప్పుడు మా దగ్గర లవకుశుల వేషం వేసినవాళ్ళే, పేర్లు చెప్పను, వాళ్ళకి తెలుసు.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులు గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు సాయంత్రం ఆరున్నరకి వరవిక్రయం ఆడుతున్నాం. హాలు కోసం అర్జీ ఇప్పటికే పెట్టాం, పాత అద్దె డీడీ తీసి జత చేశాం. తీర్మానం చేసి తాళం తీస్తే లోపల ఆడతాం, ముందు వరసలో మీకు కుర్చీలు వేస్తాం. తీయకపోతే హాలు ముందు మెట్ల మీద ఆడతాం. పోలీస్ స్టేషన్‌లో మైకు పర్మిషన్‌కి దరఖాస్తు కూడా ఇచ్చేశాం. రెండింట్లో ఏదన్నది ఏప్రిల్ 10లోపు కాగితం మీద చెప్పండి, జనరేటర్‌కి అడ్వాన్స్ ఇవ్వాలి.

ఇట్లు,
నాటక సమాజం కార్యదర్శి, సభ్యులు, మేకప్, లైటింగ్, హార్మోనియం కళాకారులు